ప్యాడ్ పెట్టిన భుజం

ఎముకల డాక్టరు గోడకున్న లైటు పెట్టె మీద ఫిల్ములు తగిలించి, వాటినే చూస్తూ మాట్లాడాడు. మా ఆయన వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. ఎముక బాగుంది, మెడ బాగుంది, కీలు బాగుంది, అంతా నార్మల్ అన్నాడు. అంతా అంత బాగుంటే మనిషి చెయ్యెందుకు ఎత్తలేకపోతున్నాడని అడిగాను. ఈ వయసులో భుజం బిగుసుకుపోతుంది, ఫ్రోజెన్ షోల్డరంటారు, వ్యాయామం చేస్తే వదులుతుంది అని చెప్పి, తరవాతి పేషెంటు కోసం బెల్లు కొట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫిల్ములకేమో చూపు, మనిషికేమో బెల్లు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు, ఎడమ చేత్తో.

మా ఆయన కటింగ్ మాస్టరు. మగవాళ్ళ సూట్లు కుట్టే షాపు మాది. మాది అని అలవాటుగా అంటాను గానీ, బోర్డు మీద ఉన్నది మా బావగారి పేరొక్కటే. బావగారంటే మా ఆయనకి అన్నయ్య, పన్నెండేళ్ళు పెద్ద. మామయ్యగారు పోయాక కౌంటరు దగ్గర నిలబడి కొలతలు తీసుకునేది ఆయన, వెనకున్న పెద్ద బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీసి కోసేది ఈయన. మిషన్ల మీద నలుగురు కుడతారు. కాజాలూ గుండీలూ అంచులూ నేను ఇంటి దగ్గర చేసి పంపిస్తాను. షాపు వెనక సందులోనే ఇల్లు. కింద మేముంటాం, పైన బావగారు ఒక్కరే ఉంటారు.

ఈ గొడవంతా ఒక జ్వరం తరవాత మొదలైంది. ఆ వారం షాపులో అందరికీ జలుబూ జ్వరమూ వచ్చాయి, మా ఆయనకీ వచ్చి తగ్గింది. తగ్గిన కొద్ది రోజులకే ఒక తెల్లవారుజామున కుడి భుజం పట్టుకుని లేచి కూర్చున్నాడు. భుజంలో గునపం దించి తిప్పుతున్నట్టుందన్నాడు. పడుకోలేడు, వాల్లేడు, చెయ్యి పొట్టకి అదుముకుని కూర్చోవడం ఒక్కటే కాస్త నయం. ఆ తరవాత రాత్రిళ్ళు నాకు నిద్ర పాడవుతుందని దిండు పట్టుకుని ముందు గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. మూడు వారాల పాటు అలా గడిచింది. పగలు మాత్రం షాపుకి పోయి అదే చేత్తో కత్తెర పట్టాడు. మాత్రలు మింగించడం తప్ప నేను చేసిందేమీ లేదు.

తరవాత ఒక రోజు పొద్దున్నే నొప్పి లేదన్నాడు. ఎవరో తీసి పారేసినట్టు పోయిందన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. టీ పెడుతూ, పై అరలో ఉన్న పంచదార డబ్బా అందుకోమన్నాను. చెయ్యి ఛాతీ దాకా లేచి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తబోయాడు, మళ్ళీ అక్కడే ఆగింది. ఇన్నాళ్ళూ నొప్పికి కదపలేదు కదా, రెండు రోజుల్లో అదే సర్దుకుంటుందిలే అని ఇద్దరం నవ్వుకున్నాం. నొప్పి పోయిందంటే రోగం పోయిందనే కదా ఎవరైనా అనుకుంటారు.

సర్దుకోలేదు. రోజురోజుకీ ఇంకా దిగజారింది. కోటు గుడ్డ కోయాలంటే బల్ల అవతలి అంచు దాకా చెయ్యి చాచాలి. మా ఆయన చాచలేక బల్ల చుట్టూ తిరిగి అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి కోయడం మొదలుపెట్టాడు. పని సగానికి సగం పడిపోయింది. ఒకసారి కత్తెర పక్కకి జారి ఒక పెళ్ళికొడుకు కోటు ముందు భాగం నిలువునా పాడైంది. బావగారు అందరి ముందూ అరిచారు. నొప్పి లేదని నువ్వే అంటావు, స్కానింగులో ఏమీ లేదని డాక్టరంటాడు, మరి చెయ్యి ఎందుకు లేవదు అని నిలదీశారు. మా ఆయన ఏం చెబుతాడు? తనకే తెలియదు.

ఆ సాయంత్రం నేను పైకి వెళ్ళి బతిమాలాను. కొన్నాళ్ళు ఓపిక పట్టమన్నాను. బావగారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "అది చెయ్యి నొప్పి కాదమ్మా, అలక" అన్నారు. పోయినేడు బోర్డు మీద తన పేరు కూడా రాయించమని మా ఆయన అడిగాడట, ఈయన కుదరదన్నారట, అప్పటి నుంచీ కడుపులో పెట్టుకుని ఇప్పుడిలా తీర్చుకుంటున్నాడట. రెండు నెలల్లో చెయ్యి లేచిందా సరే, లేకపోతే ఆ పై సోమవారం నుంచి కొత్త మాస్టరు బల్ల దగ్గర నిలబడతాడు, నీ మొగుణ్ణి ఇస్త్రీ చూసుకోమను, అన్నారు. ఇరవై ఏళ్ళు ఆ బల్ల ముందు నిలబడ్డవాణ్ణి మూలనున్న ఇస్త్రీ పెట్టె దగ్గరికి తోసేస్తారట. అది కూడా కుడి చేత్తో చేసే పనేనని ఆ మహానుభావుడికి తట్టనే లేదు. నేను పళ్ళు నూరుకుంటూ మెట్లు దిగాను.

వ్యాయామం చేయించే అబ్బాయొకడు దొరికాడు. వాడు మా ఆయన చేతికి ఇసక సంచి కట్టి, ఇంకా గట్టిగా సార్, ఇంకొక్కసారి సార్ అంటూ ప్రాణం తీసేవాడు. ఇంటికొచ్చేసరికి చెయ్యి పీనుగులా వేలాడేది. రెండు నెలలు అలా తిరిగాం. చెయ్యి అంగుళం కూడా లేవలేదు సరిగదా, అంతకు ముందు ఎత్తగలిగిన గ్లాసు కూడా ఎత్తలేని స్థితికొచ్చింది. మీ ఆయన మనసు పెట్టి చేయడం లేదు మేడమ్ అన్నాడు నాతో. ఆ ఇసక సంచి తీసి వాడి నెత్తిన కొట్టకుండా నన్ను నేను పట్టుకోవడానికి చాలా కష్టమైంది.

ఇంట్లో కూడా మనిషి మారిపోయాడు. ఇదివరకు స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని పాటలు పాడుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడు స్నానాల గదిలోనే చొక్కా గుండీలన్నీ పెట్టుకుని బయటికొచ్చేవాడు. పడుకునేటప్పుడూ చొక్కా తీసేవాడు కాదు. నేను పలకరిస్తే ముక్తసరిగా జవాబు చెప్పి గోడ వైపు తిరిగేవాడు. నా మీద కూడా అలిగాడనుకున్నాను. రెండు రోజులు నేనూ మొహం మాడ్చుకుని తిరిగాను.

ఒక మధ్యాహ్నం ఆయన చొక్కాకి మెడ గుండీ వదులైందని కుట్టడానికి తీశాను. చొక్కా భుజం మీద గుడ్డ రెండు పొరలుగా ఉంటుంది. గుండీ కుడుతూ కుడి భుజం మడిచేసరికి రెండు పొరల మధ్య ఏదో మెత్తగా, దళసరిగా తగిలింది. ఎడమ వైపు అలా లేదు. గోరుతో కుట్టు విప్పాను. కోట్లకి వేసే ప్యాడ్, పలచగా చెక్కి, అంచులు ఎక్కడా తెలియకుండా లోపల కుట్టేసి ఉంది. దండెం మీదున్న మిగతా చొక్కాలు కూడా లాగి తడిమాను. అన్నిటికీ కుడి భుజంలో అదే ప్యాడ్.

మా షాపు గురించి ఒక మాట చెప్పాలి. లోకంలో సగం మందికి భుజాలు సమానంగా ఉండవు. ఒకటి దిగి ఉంటుంది, ఒకటి ఎగిరి ఉంటుంది. ఆ సంగతి కస్టమరుతో అనకూడదు, గుడ్డతో సర్దేయాలి, అద్దంలో మనిషి తిన్నగా కనపడాలి. ఇది మామయ్యగారు పెట్టిన పద్ధతి. మా షాపులో భుజం దిగిందంటే అది గుడ్డ పని, ఒంటి పని కాదు. బావగారు టేపు మెడలో వేసుకుని మనిషిని ఒక్క చూపు చూశారంటే ఏ భుజం ఎంత దిగిందో చెప్పగలరు. ఈ మాటలన్నీ నేనూ ఇన్నేళ్ళుగా గొప్పగా చెప్పుకుంటూనే ఉన్నాను.

మా ఆయన ఇంటికి రాగానే ప్యాడ్ మొహాన పడేసి, ఇదెవరు పెట్టారని అడిగాను.

"అన్నయ్య" అన్నాడు.

"ఎప్పుడు?"

"నొప్పి తగ్గిన నెలకి. మాస్టరు భుజమే వంకరగా ఉంటే కస్టమర్లు ఏమనుకుంటారని, చొక్కాలన్నీ తెమ్మని తనే కూర్చుని కుట్టాడు."

చూశారు. బావగారు చూశారు. ఊళ్ళో డాక్టర్లెవరూ చూడనిది మొట్టమొదట చూసి, దాని మీద ప్యాడ్ పెట్టి కుట్టేసి, పైన కూర్చుని అలక అన్నారు. చొక్కా విప్పండి అన్నాను. మా ఆయన వద్దన్నాడు. సిగ్గన్నాడు. నేనే గుండీలు తీసి, బనీను కూడా లాగేసి, కిటికీ వైపు తిప్పాను. కుడి రెక్క మీద కండ లేదు. చెయ్యి పెడితే నాలుగు వేళ్ళు పట్టే గుంట ఉంది. రెక్క ఎముక అంచు వీపులోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఇన్నాళ్ళూ ఈయన గోడ వైపు తిరిగి పడుకున్నది నా మీద అలిగి కాదు, ఇది నా కంట పడకూడదని. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక ముందుకంటే ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాడు ఎముకల డాక్టరు గదిలోకి టోకెన్ లేకుండానే తీసుకుపోయాను. ఫిల్ములు చూపించలేదు. మా ఆయన్ని వెనక్కి తిప్పి చొక్కా తీయించాను. డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇది మొదట్లోనే ఎందుకు చూపించలేదమ్మా?" అన్నాడు.

"మీరు విప్పమనలేదు" అన్నాను.

చీటీ రాసి నరాల డాక్టరమ్మ దగ్గరికి పంపించాడు.

ఆవిడ ఫిల్ములు చివర్లో చూస్తానని పక్కన పెట్టింది. ముందు కథంతా అడిగింది. నొప్పి ఒక్కసారిగా వచ్చిందా, మెల్లగా పెరిగిందా? నిద్రలోంచి లేపిందా? దానికి ముందు జ్వరం గానీ వచ్చిందా? నొప్పి తగ్గాక బలం పోయిందా, నొప్పి ఉండగానే పోయిందా? మా ఆయన చెబుతుంటే మధ్యలో అడ్డం రాలేదు. తరవాత చెయ్యెత్తమంది. మా ఆయన ఒళ్ళంతా ఎడమ పక్కకి వంచి, భుజం ఎగరేసి, ఛాతీ దాకా ఎత్తి ఆగాడు. ఆవిడ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా ఎత్తింది. తిన్నగా చెవి పక్కదాకా లేచింది. ఎక్కడా పట్టెయ్యలేదు. వదిలితే దబ్బున పడింది.

"భుజం బిగుసుకుపోయి ఉంటే నేనెత్తినా లేవకూడదు" అంది. "ఇది బిగుసుకుపోలేదు. ఎత్తాల్సిన కండకి కబురు అందడం లేదు."

ఆ ఒక్క పరీక్షకి ఒక్క నిమిషం పట్టింది. ఆ నిమిషం మాకు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. గోడకి రెండు చేతులూ ఆనించి నెట్టమంటే కుడి రెక్క ఎముక వీపులోంచి తలుపులా తెరుచుకుంది. దూదితో భుజం పక్కన రాస్తే అక్కడ స్పర్శ మందంగా ఉందన్నాడు మా ఆయన. తరవాత పక్క గదిలో సూది పరీక్ష చేశారు. ఎడమ భుజం కండలో సన్నటి సూది గుచ్చి బిగించమంటే మిషను గోలగోలగా మోగింది. కుడి భుజంలో గుచ్చి బిగించమంటే అక్కడొకటి ఇక్కడొకటి టిక్కుమంది, అంతే. పక్కన నిలబడి వింటున్న నాకు కూడా తెలిసిపోయింది.

మెడలోంచి చేతికి పోయే నరాల కట్ట ఒకటుందట. ఒక్కోసారి జ్వరం తరవాత, రోగం మీద యుద్ధం చేయాల్సిన ఒళ్ళు పొరపాటున ఆ నరాల మీద పడుతుందట. ముందు భరించలేని నొప్పి, అది తగ్గుతుండగా చెయ్యి చచ్చుబడటం, ఆ పైన కండ కరిగిపోవడం. ఎక్స్‌రేలో కనపడదు. చాలామందికి ముందు వేరే పేరు పెట్టి వైద్యం చేస్తారని కూడా చెప్పింది. నరం మళ్ళీ పెరుగుతుంది గానీ చాలా నెమ్మది, ఏడాది పడుతుంది, రెండేళ్ళూ పట్టొచ్చు, కాస్త బలహీనత మిగిలినా మిగలొచ్చు. బరువులు కట్టడం ఈ రోజే ఆపేయాలి, కీలు పట్టెయ్యకుండా కదుపుతూ ఉండాలి. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా, కొన్ని కుటుంబాల్లో వస్తుంది, అని అడిగింది. లేదన్నాడు మా ఆయన. మనసు పెట్టి వ్యాయామం చేస్తే ముందే లేచేదా అని నేనడిగాను. "మనసుకీ దీనికీ సంబంధం లేదు" అంది ఆవిడ. మా ఆయన అప్పుడు ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆసుపత్రి నుంచి తిన్నగా షాపుకే పోయాం. ఇంటికి పోదామన్నాడు మా ఆయన. నేను వినలేదు. బావగారు ఒక పెద్దమనిషికి కోటు తొడిగి అద్దం ముందు నిలబెట్టి ఉన్నారు. మిషన్లన్నీ ఆడుతున్నాయి. నేను ఆయన ఎదురుగా నిలబడి, మీ తమ్ముడి భుజం పడిపోయిందని మీకెప్పుడు తెలిసిందని అడిగాను. కస్టమరున్నాడు, తరవాత మాట్లాడదాం అన్నారు. కస్టమరున్నప్పుడే మాట్లాడాలి, మీరు దాచింది వీళ్ళ కోసమే కదా అన్నాను. ఒక్కొక్క మిషనూ ఆగింది. పెద్దమనిషి కోటు విప్పి కుర్చీ మీద పెట్టి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

మా ఆయన నేను చెప్పకుండానే చొక్కా విప్పాడు. అందరి ముందూ అద్దానికి చేతులు ఆనించి నెట్టాడు. కుట్టేవాళ్ళలో ఒకతను అయ్యో అన్నాడు. బావగారు చొక్కా తీసుకొచ్చి, వేసుకోరా, జనం చూస్తారు అన్నారు. చూడనివ్వండి అన్నాను. డాక్టరమ్మ చెప్పినదంతా ఒక్క ముక్క విడిచిపెట్టకుండా చెప్పాను. జ్వరం, రాత్రి నొప్పి, నొప్పి తగ్గాక చెయ్యి పడిపోవడం, కండ కరగడం. ఏడాదో రెండేళ్ళో పడితే గానీ తిరిగి రాదన్నాను. అలకట, అలక, అన్నాను.

బావగారు చొక్కా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"నాన్నకీ ఇంతే" అన్నారు.

మా ఆయన వెనక్కి తిరిగాడు. తనకి ఆ సంగతి తెలియదు, అప్పటికి పాలు తాగే పిల్లాడు.

"నీకు రెండేళ్ళు. నాకు పద్నాలుగు" అన్నారు బావగారు. "చెయ్యి పడిపోయిందని నన్ను బడి మాన్పించి ఈ బల్ల దగ్గర నిలబెట్టాడు. ఏ డాక్టరూ ఏమీ లేదన్నాడు. రెండేళ్ళకి ఆ చెయ్యి మళ్ళీ లేచింది. నా బడి పోయాక లేచింది. తాగి పడుకోడానికి నాటకమాడాడనుకున్నా. ఆయన భుజంలో ప్యాడ్ కూడా నేనే పెట్టేవాణ్ణి. పోయే ముందు కూడా అడిగాడు, ఇప్పటికైనా నమ్ముతావా అని. మాట్లాడకుండా లేచొచ్చేశా."

జాలి పడాల్సిన చోటే గానీ నాకు జాలి రాలేదు. తండ్రి మీద నలభై ఏళ్ళు దాచుకున్న కసి తెచ్చి నా మొగుడి నెత్తిన రుద్దారు, అది కసి అని తెలియకుండా. నాలుగు నెలలుగా నేను మింగిన మాటలన్నీ గొంతులోకొచ్చాయి. వాటిలో ఒకటే బయటికి వచ్చింది.

"మామయ్యగారు లేరు బావగారూ. ఈయన ఉన్నారు. ఏదైనా అనాల్సి ఉంటే ఈయనతో అనండి."

ఆయన తల పంకించి, కౌంటరు దగ్గరికి పోయి ఫోను తీశారు. సోమవారం రావాల్సిన మాస్టరుకి రావద్దని చెప్పారు. బల్ల ఖాళీ లేదు, నా తమ్ముడి చెయ్యి వచ్చేదాకా వాడు గీస్తాడు, నేను కోస్తాను, అన్నారు. ఫోను పెట్టేసి మా ఆయన ముందుకొచ్చి నిలబడ్డారు. క్షమించమని అంటారేమోనని చూశాను. ఆ మాట ఆయనకి రాదు.

"నొప్పి ఎలా ఉండేదిరా?" అన్నారు. "నాన్న రాత్రిళ్ళు అరిచేవాడు. తాగి అరుస్తున్నాడని నేను తలుపేసుకుని పడుకునేవాణ్ణి. నువ్వెప్పుడూ అరవలేదు కదా. అందుకే నీకంత నొప్పి లేదనుకున్నా."

మా ఆయన చొక్కా అందుకున్నాడు.

"పైన నీకు వినపడుతుందని గుడ్డ నోట్లో కుక్కుకునేవాణ్ణి అన్నయ్యా" అన్నాడు.

అదే ఇంట్లో, ఒక్క తలుపు ఇవతల, ఆ రాత్రుళ్ళన్నీ నేను నిద్రపోయాను. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది.